మూడు లెక్కపెట్టేదాకా

అద్దాల గురించి నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదనుకునేవాణ్ణి. పదహారేళ్ళుగా జనానికి అద్దంలో చూడటం నేర్పి బతుకుతున్నవాణ్ణి, లోపలి అద్దం, కుడి అద్దం, ఎడమ అద్దం, మళ్ళీ లోపలి అద్దం, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ ఇలాంటి అద్దం ఒకటుంటుందని ఈ ఉదయమే తెలిసింది, ఇటునుంచి చూస్తే కిటికీ, అటునుంచి చూస్తే ముఖం చూసుకునే అద్దం. నేను ఇటువైపు దీపం తీసేసిన గదిలో, ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్ళో అట్టకి తగిలించిన కాగితాలతో కూర్చున్నాను. అటువైపు వెలుతురు గదిలో, దాని ఎత్తుకి తగ్గ బల్ల ముందు, రెండు జడలతో మా ఎలకపిల్ల. దాని పేరు అది కాదు, ఆరేళ్ళ కిందట ఆసుపత్రిలో రాయించిన పేరు వేరే ఉంది, ఆ పేరుతో పిలిస్తే పలికేది కాదు, మంచం కిందా బీరువా పక్కనా ఎక్కడ సందుంటే అక్కడ దూరేది కనక మా ఆవిడ ఈ పేరు పెట్టింది, దీనికి మాత్రం పలుకుతుంది. దాని ఎదురుగా డాక్టరమ్మ, నెరిసిన జుట్టు, మెళ్ళో తాడుకి వేలాడే కళ్ళజోడు. తలుపు మూసేముందు ఆవిడ నాకు చెప్పింది, అద్దం తట్టొద్దు, పైకి మాట్లాడొద్దు, గంటసేపు ఓపిక పట్టండి అని. ఈ గంటలో మా పిల్లకి ఆటిజం ఉందో లేదో చూస్తారు. ఉందంటే బడిలో పక్కన కూర్చుని సాయం చేసే మనిషిని ఇప్పిస్తారు, వారానికి మూడుసార్లు ఇక్కడికి తీసుకురమ్మంటారు, ఆ మాట దాని కాగితాల్లో ఎప్పటికీ ఉండిపోతుంది. లేదంటే ఏమీ లేదు పొమ్మంటారు. నేను ఆ పొమ్మనడం కోసమే వచ్చాను.

అదిగో, చూసింది. గోడకి బిగించిన స్పీకర్లోంచి డాక్టరమ్మ గొంతు సన్నగా వచ్చింది, "ఈ బొమ్మల్లో నీకు ఏది నచ్చింది?" అని. మా పిల్ల తలెత్తి ఆవిడ ముఖం మీద చూపు నిలిపింది, ఒకటి, రెండు, మూడు, నేనిక్కడ లోపల్లోపలే లెక్కపెట్టాను, సరిగ్గా మూడుకి చూపు దించి, "ఎర్ర బస్సండీ. మీకో?" అంది. భేష్. ఆ 'మీకో' అనే ఒక్క మాటకి పదకొండు రోజులు పట్టింది. ఎవరైనా మనల్ని అడిగింది మనం తిరిగి వాళ్ళనీ అడగాలి అంటే దానికి ఎంతకీ ఎక్కేది కాదు, "వాళ్ళకేది నచ్చితే నాకెందుకు?" అనేది, నిజమే కదా, అయినా "అడగాలి, అంతే" అన్నాను, రోడ్డు ఖాళీగా ఉంటే ఎర్రదీపం దగ్గర ఎందుకాగాలి సార్ అనే కుర్రాళ్ళకి చెప్పినట్టు. డాక్టరమ్మ నవ్వి ఏదో రాసుకుంది. నేను సంతోషించాలి. నా కుడికాలు మాత్రం నేలని తొక్కుతోంది. నేర్పే బండిలో నేను కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాడు తడబడితే నేను తొక్కడానికి. తొక్కీ తొక్కీ కాలికి అదొక రోగమైపోయింది, బస్సెక్కినా అంతే, పక్కవాళ్ళు నా కాలివంక అనుమానంగా చూసి కాస్త జరిగి కూర్చుంటారు. ఇక్కడ తడబడేవాళ్ళెవరూ లేరు, అన్నీ అనుకున్నట్టే జరుగుతున్నాయి, అయినా కాలు ఊరుకోవడం లేదు.

బడిలో టీచరమ్మ పిలిపించిన రోజు కూడా ఇలాగే తొక్కాను, చిన్నపిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని. ఆవిడ తప్పుగా ఏమీ అనలేదు పాపం, "అల్లరి లేదండీ, ఏడవదు, ఎవర్నీ కొట్టదు, ఆ మాటకొస్తే నా తరగతిలో ఇంత నిమ్మళమైన పిల్ల ఇంకొకతి లేదు. కానీ ఆటల టైములో గోడకి ఆనుకుని నిలబడిపోతుంది. ఏడాదినుంచి పక్కనే కూర్చునే పిల్ల పేరేంటంటే తెలీదంది. ఒకసారి చూపించండి" అంది. సిగ్గండీ దానికి, అన్నాను నేను, నవ్వుతూ. సిగ్గు వేరండీ, అంది ఆవిడ, నవ్వకుండా. తిరిగొస్తుంటే బండిలో మా ఆవిడ, "నాకు దానికి రెండేళ్ళున్నప్పుడే తెలుసు" అంది. తెలిస్తే నాకెందుకు చెప్పలేదని కయ్యిమన్నాను. "చెప్పాను. మీరు రేడియో గొంతు పెంచారు" అంది. అంత నెమ్మదిగా అంది, పోట్లాడటానికి ఏమీ మిగల్లేదు. రేడియో గొంతు పెంచిన సంగతి నాకు గుర్తులేదు, అందుకే నిజమై ఉంటుందనుకున్నాను.

ఇక్కడికి ఫోన్ చేస్తే రెండు నెలల తర్వాత తేదీ ఇచ్చారు. మా ఆవిడ రెండు నెలలా అని కుంగిపోయింది. నాకు మటుకు ప్రాణం లేచొచ్చింది, రెండు నెలలంటే ఎంత, స్టీరింగు పట్టుకుంటే చెయ్యి వణికే ముసలాళ్ళని రెండు నెలల్లో పాస్ చేయించాను, ఒక గుమాస్తా ఉండేవాడు, ఆరుసార్లు తప్పి ఏడోసారి నా దగ్గరికొచ్చాడు, నలభై రోజుల్లో గట్టెక్కించాను. ఎవరు ఎందుకు తప్పుతారో నాకు తెలుసు. బండి నడపడం రాక కాదు, నడపడం వచ్చినట్టు ఆఫీసరుకి కనపడక. అద్దంలో కంటితో చూస్తే చాలదు, మెడ తిప్పి చూడాలి, చూసినట్టు పక్కనున్న ఆఫీసరుకి తెలియాలి, ఇది నేను ప్రతివాడికీ మొదటిరోజే చెప్పే మాట. ఇదే మా ఎలకపిల్లకీ చెప్పాను. ఈ పరీక్షలో ఏమేం అడుగుతారో కూపీ లాగాను, మా డ్రైవింగ్ స్కూల్లోనే ఇంకో టీచరు అన్న కొడుక్కి అయిందట, ఆయన్ని కూర్చోబెట్టి అన్నీ చెప్పించుకుని పలకమీద పిల్లలు రాసుకున్నట్టు రాసుకున్నాను. పిలిస్తే పలకడం. ముఖం చూడటం. వేలు పెట్టి చూపించడం. బొమ్మకి ఉత్తుత్తి బువ్వ పెట్టడం. ఎదుటివాళ్ళకి దెబ్బ తగిలితే అయ్యో అనడం. రోజుకో గంట, ఆదివారం సెలవు లేదు. మా ఆవిడ మందుల దుకాణంలో పనిచేస్తుంది, ఆ భాషలోనే అంది, "జ్వరం బిళ్ళ వేసి, ఒళ్ళు చల్లబడ్డాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినట్టుంది మీ పని. మరి జ్వరం ఎవరికి చూపిస్తారు?" నాకు కోపం వచ్చింది. దానికి రోగం లేదు, జ్వరం లేదు, నా కూతుర్ని జ్వరంతో పోలుస్తావా అన్నాను. మా ఆవిడ అన్నది అది కాదని నాకు అప్పుడే తెలుసు. ఈ రోజు పిల్లతో ఒక్కళ్ళే రావాలన్నారు. "మీరే వెళ్ళండి, నేర్పింది మీరు కదా" అని పిల్లకి జడలు వేసి పంపించింది.

డాక్టరమ్మ ఇప్పుడు బొమ్మని తీసింది, గిన్నె, చెంచా. మా పిల్ల చెంచాతో గిన్నెలో లేనిదాన్ని తిప్పి, ఊది, బొమ్మ నోటికి ఆనించింది. ఊదడం నేను నేర్పలేదు. ఊదడం ఎక్కణ్ణుంచి వచ్చింది, మా ఆవిడ దానికి పెట్టేటప్పుడు ఊదుతుంది, అది చూసిందా, దాన్ని గుర్తుంచుకుందా, ఏం చూస్తుందో ఏం చూడదో మనకేం తెలుసు. ఒళ్ళో కాగితాలు అలాగే ఉన్నాయి. ప్రశ్నకి ఐదు గళ్ళు, ఎప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు, అరుదుగా, ఎన్నడూ లేదు. మీ పాప మీ ముఖంలోకి చూస్తుందా. పెన్ను ఆ గళ్ళమీద అటూ ఇటూ తిరిగి ఆగిపోయింది. నేర్పాక చూస్తుంది అనే గడి వాళ్ళు పెట్టలేదు.

మాకు ముందు ఒక అలవాటుండేది. సాయంత్రం చివరి విద్యార్థిని దింపేసి నేను ఇంటికొస్తే, అది వెనక సీటులో ఎక్కేది, ఒక చుట్టు తిప్పేవాణ్ణి, పెట్రోలు బంకుదాకా వెళ్ళి వెనక్కి. బండిలో అది మాట్లాడేది. ఇంట్లో మూతి బిగించుకునే పిల్ల బండిలో ఎన్ని మాట్లాడేదో, నేను రోడ్డు చూస్తూ, అది నా సీటు వెనక భాగం చూస్తూ. ఒకళ్ళనొకళ్ళు చూసుకోనక్కర్లేని చోటు కదా బండి, ఇద్దరూ ముందుకే చూస్తారు. ఒకరోజు, "నాన్నా, టిక్ టిక్ తొందరగా కొడుతోంది, ఎడమవైపు దీపం చచ్చిపోయింది" అంది. దిగి చూస్తే వెనక ఎడమ ఇండికేటర్ బల్బు నిజంగానే మాడిపోయింది. ఒక బల్బు పోతే ఆ చప్పుడు వేగం పెరుగుతుందని మాకు శిక్షణలో చెప్పారు, ఆరేళ్ళ పిల్లకి ఎవరు చెప్పారు. మెకానిక్కువే నువ్వు అని జడ లాగితే చెయ్యి తోసేసింది, నవ్వుకుంటూ తోసేసింది, నావైపు కాదు, కిటికీవైపు నవ్వింది. ఆ నవ్వు నాకు సరిపోయేది. నిజంగా సరిపోయేది, ఆ టీచరమ్మ పిలిపించేదాకా. ఆ తర్వాత మొదటి పాఠం కూడా ఆ బండిలోనే మొదలుపెట్టాను, బడుద్ధాయిని. ఇంటిముందు బండి ఆపి, లోపలి అద్దాన్ని వంచి, వెనక సీటులో దాని ముఖం కనపడేలా తిప్పి, "ఎలుకా, అద్దంలో నాన్న కళ్ళు చూడు" అన్నాను. చూడలేకపోయింది. కళ్ళు కాదమ్మా, రెండు కనుబొమ్మల మధ్య చూడు, అవతలివాళ్ళకి తేడా తెలీదు. మూడు లెక్కపెట్టు, దించెయ్. మూడు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టేది, నీళ్ళలో మునిగినవాళ్ళలా. నెలకి అద్దం తీసేసి ముఖాముఖీ చూడటం వచ్చింది. అప్పటికి బండిలో మాటలు ఆగిపోయాయి. ఆగిపోయిన సంగతి నేను వెంటనే గమనించలేదు, మేం పనిలో ఉన్నాం.

పాఠం అయ్యాక మంచం కింద దూరేది, గోడకేసి తిరిగి, గౌను మెడ నోట్లో పెట్టుకుని నమిలేది, తీసి చూస్తే గుడ్డ జానెడు తడిసి ఉండేది. ముందు ఇంతసేపు ఉండేది కాదు మంచం కింద. మా ఆవిడ నేలమీద దాని పక్కనే, ముట్టుకోకుండా, పడుకునేది. నన్నేమీ అనేది కాదు. అలిసిపోయింది, కొత్త విద్య కదా అనుకునేవాణ్ణి, నా దగ్గర నేర్చుకునేవాళ్ళు కూడా మొదట్లో భుజాలు పట్టేసి ఇంటికెళ్ళి పడుకుంటారు, అలవాటైతే పోతుందని సర్దిచెప్పుకున్నాను. సర్దిచెప్పుకోవడానికి ఇంకో కారణం ఉంది, అది ఎవరితోనూ అనలేదు. రెండో నెల మొదట్లో ఒకరోజు నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే అది తనంతట తనే గదిలోంచి వచ్చింది. వచ్చి నిలబడి, తలెత్తి, నావైపు చూసింది. ఒకటి, రెండు, మూడు. "వచ్చావా నాన్నా" అంది. అంతే, వెళ్ళిపోయింది. నేను ఒక చెప్పుతోనే నిలబడిపోయాను. ఆరేళ్ళు. ఆరేళ్ళలో మొదటిసారి నా కూతురు నేనొచ్చానని నా ముఖం చూసింది. గుమ్మంలో చూడమని నేను చెప్పలేదు, ఎవరైనా వస్తే చూడాలి అని మాత్రం చెప్పాను, ఎవరైనా అంటే నేను కూడా అనుకుంది. ఆ తర్వాత ప్రతిరోజూ చూసింది. ట్రాఫిక్కులో ఇరుక్కుని, పక్కన విద్యార్థి గేరు గరగరలాడిస్తుంటే, నేను ఆ మూడు లెక్కలకోసం ఎదురుచూసేవాణ్ణి. కొందరు సాయంత్రం ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకుంటారు, కొందరు టీవీ పెట్టుకుంటారు, నాకు ఇది. నేర్పిన చూపని తెలుసు. తెలిసీ తెలియనట్టుండటం మనిషికి వచ్చినంత బాగా ఏ జంతువుకీ రాదు. అలవాటుగా మొదలైందే ప్రేమవుతుందేమో, ఎవరు చెప్పొచ్చారు, పెళ్ళిళ్ళు కావడం లేదూ అలా, అనుకున్నాను.

"అబ్బా" అంది డాక్టరమ్మ స్పీకర్లోంచి. వేలు బల్లకి కొట్టుకున్నట్టు నటించి చెయ్యి పట్టుకుంది. నా కాలు నేలని అదిమింది. మా పిల్ల చూసింది, ఒకటి, రెండు, మూడు, "అయ్యో, దెబ్బ తగిలిందా అండీ? ఊదనా?" అంది. డాక్టరమ్మ ముఖం మెత్తబడింది. గొంతులో కూడా ఎక్కడ తగ్గించాలో అక్కడ తగ్గించింది నా తల్లి, అదంతా మా ఆవిడ గొంతు, ఊదనా అనేదాంట్లో సాగతీత అంతా మా ఆవిడదే. నాకు ఈల వెయ్యాలనిపించింది. అప్పుడు డాక్టరమ్మ ఒక పని చేసింది, అది మా టీచరు అన్నగారు చెప్పగా నేను రాసుకున్న పట్టీలో లేదు. ఏమీ చేయకుండా ఊరుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, నవ్వు ముఖంతో, మాట్లాడకుండా కూర్చుంది. ఆవిడ అడిగితే ఏం చెప్పాలో నేర్పాను, పిలిస్తే ఏమనాలో నేర్పాను, ఊరుకుంటే ఏం చేయాలో నేర్పలేదు. మా పిల్ల చూసింది, ఒకటి, రెండు, మూడు, దించింది. ఆగింది. మళ్ళీ చూసింది. దించింది. మళ్ళీ. వాన ఆగిపోయినా ఆపడం మర్చిపోయిన వైపర్లా అటూ ఇటూ, అటూ ఇటూ. బల్లకి అటుపక్క కూర్చున్న ఆవిడకి కనపడనిది నాకు ఇటునుంచి కనపడుతోంది, బల్లకింద దాని ఎడమచెయ్యి. బొటనవేలు చూపుడువేలిని ముట్టుకుంటుంది, మధ్యవేలిని, ఉంగరపువేలిని. ఒకటి, రెండు, మూడు. మొదట్లో పెదాలు కదిపేది లెక్కకి. పెదాలు కదిపితే తెలిసిపోతుందమ్మా, బల్లకింద వేళ్ళమీద పెట్టుకో, అని చెప్పింది నేనే. బండి నేర్చుకునేవాళ్ళకీ చెబుతాను, స్టీరింగు ఎన్ని చుట్లు తిప్పారో వేళ్ళమీద లెక్కపెట్టుకోండి, ఆఫీసరు మీ వేళ్ళు చూడడు అని. వేళ్ళు తెల్లగా పాలిపోయాయి, అంత గట్టిగా నొక్కుతోంది. పైన ముఖం మటుకు నేర్పినట్టే ఉంది, చిరునవ్వుతో సహా.

ఒక నర్సమ్మ ఉండేది నా దగ్గర, నాలుగేళ్ళ కిందట. రివర్సు ఆవిడకి గండం. ఎర్ర కోన్ల మధ్య బండి వెనక్కి పెట్టాలి, ఎన్ని రోజులైనా రాదు. చివరికి నా చిట్కా చెప్పాను, వెనక్కి చూడకు, అంచనా వెయ్యకు, ఎడమ అద్దంలో రెండో కోను కనపడగానే స్టీరింగు ఒకటిన్నర చుట్టు తిప్పు, మూడో కోను రాగానే సరిచెయ్, కళ్ళు మూసుకుని చేసినట్టు అయిపోతుంది. అయిపోయింది, మొదటిసారే పాస్, ఆఫీసరు మెచ్చుకున్నాడు, నేను కాలరెగరేశాను. మూడో రోజు ఫోన్. ఆసుపత్రి పక్క సందులో బండి అడ్డంగా పెట్టుకుని, ముందుకి పోలేక వెనక్కి రాలేక, చుట్టూ హారన్లు, ఏడుస్తోంది. "సార్, ఇక్కడ కోన్లు లేవండీ" అంది. నేను వెళ్ళి బండి తీసి ఇంటిదగ్గర దింపాను. దిగేటప్పుడు, "నాకు రాదని మీకు తెలుసు కదండీ?" అంది. ఆ తర్వాత ఆవిడ బండి ముట్టుకోలేదట. ఈ కథని నేను నవ్వుతూ చాలామందికి చెప్పాను, కోన్లు లేవండీ దగ్గర అందరూ నవ్వుతారు. చివరి మాట చెప్పేవాణ్ణి కాదు. రేపు మా పిల్ల పెద్ద తరగతికి వెళుతుంది, పక్కన సాయానికి మనిషి ఉండదు, ఏమీ లేదని కాగితం ఉంటుంది కదా చేతిలో, ఏమీ లేని పిల్లవి నీకేం తక్కువ అంటారు, నలభైమంది మధ్య కూర్చుని బల్లకింద రోజంతా లెక్కపెట్టుకుంటుంది. ఎప్పటిదాకా లెక్కపెట్టాలో నేను చెప్పలేదు. ఎవరితో ఆపొచ్చో చెప్పలేదు. నేను దానికి ఒక ముఖం తొడిగి, పైకి ఊడకుండా కుట్టేసి, ఇప్పుడు ఇక్కడ కూర్చుని కుట్టు బాగా కుదిరిందని మురిసిపోతున్నాను. తండ్రిని. కంచే చేను మేస్తే ఇంక చెప్పుకోవడానికి ఎవరున్నారు.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ, ఆవిడ వెనక లోపలిగదిలో ఒక అమ్మాయి మా పిల్ల ముందు బిస్కెట్టు పెడుతోంది. "పది నిమిషాలు విరామం అండీ" అంది కళ్ళజోడు దించుకుంటూ. "చాలా చక్కగా చేస్తోంది. ముఖం చూస్తోంది, మాటకి మాట ఇస్తోంది. ఇంకా సగం ఉందనుకోండి, కానీ ఇప్పటిదాకా చూస్తే మరీ కంగారు పడాల్సిందేమీ కనపడలేదు. ఆ ఫారం పూర్తిచేశారా?"

ఇదే నేను వినాలనుకున్న మాట. మాట్లాడకుండా ఉంటే చాలు, ఇంకో అరగంట, మేం ఇంటికెళ్ళిపోతాం, రేపు సాయంత్రం నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే అది వచ్చి నిలబడుతుంది. అద్దంలోంచి చూశాను. బిస్కెట్టు ముట్టుకోలేదు. పక్కన నిలబడ్డ అమ్మాయిని చూస్తోంది, దించుతోంది, చూస్తోంది. విరామమని దానికెవరూ చెప్పలేదు.

"మేడమ్, నేను నేర్పానండీ" అన్నాను.

"ఏం నేర్పారు?"

"అన్నీనండీ. చూడటం, అడగటం, ఆ దెబ్బ తగిలిందా అనడం. మీరేం చేయిస్తారో కనుక్కుని మరీ నేర్పాను. బల్లకింద వేళ్ళు చూడండి. మూడు లెక్కపెట్టుకుని చూస్తుందండీ అది. మీ కళ్ళు కూడా కాదు, కనుబొమ్మల మధ్య చూస్తోంది."

ఆవిడ అద్దం దగ్గరికి వెళ్ళి, వంగి, చాలాసేపు బల్లకిందికి చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. "ఎన్నాళ్ళు?" అంది.

"రెండు నెలలండీ."

"రోజూనా?"

"ఆదివారాలు కూడానండీ" అన్నాను. నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది, ఒళ్ళో ఫారం మీద చుక్కపడి ఏ గడిలో ఏముందో అలుక్కుపోయింది.

ఆవిడ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. "రెండు నెలల్లో ఇంత నేర్చుకుందంటే ఎంత కష్టపడిందో చూడండి" అంది. "నేను తర్వాత మళ్ళీ మొదటినుంచీ చూస్తాను, ఇంకో రోజు. ఇవాళ ముందు ఇది ఆపాలి. నేను ఆపమంటే ఆపదు. అది కూడా పరీక్షే అనుకుంటుంది. మీరు రండి."

వెలుతురు గదిలోకి వెళ్ళాను. ఇటునుంచి చూస్తే అద్దంలో ఒక బొజ్జ మనిషి, కళ్ళు ఎర్రబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా. నేను లోపలికి రాగానే మా ఎలకపిల్ల తలెత్తింది. నా వంక చూసింది. ఒకటి, రెండు, మూడు. "వచ్చావా నాన్నా" అంది. నేను నేలమీద కూర్చున్నాను, దానికి ఎదురుగా కాదు, పక్కన.

"ఎలుకా, పాఠం అయిపోయిందమ్మా. ఇంక ఎవర్నీ చూడక్కర్లేదు."

దానికి ఏదీ మొత్తంగా చెబితే చాలదు, ఒక్కొక్కటీ చెప్పాలి. "డాక్టర్ గారినీ?"

"అక్కర్లేదు."

"బడిలో టీచర్నీ?"

"అక్కర్లేదమ్మా. నీకు చూడాలనిపిస్తేనే."

"అనిపించదు" అంది. తర్వాత, "అమ్మనీ?"

"అమ్మని కూడా అక్కర్లేదు. అమ్మ ఏమీ అనుకోదు."

ఎర్ర బస్సు చక్రం ఒకటి వేలితో తిప్పింది, అది ఆగేదాకా చూసింది. అడుగుతుందని నాకు తెలుసు. అడగకూడదని మొక్కుకున్నంత పని చేశాను. డాక్టరమ్మ గుమ్మంలోనే ఆగిపోయి నిలబడింది.

"నిన్నూ?" అంది.

అప్పుడు కూడా ఒక్క క్షణం నేను అబద్ధమాడదామనుకున్నాను. నన్నొక్కణ్ణీ, రోజుకి ఒక్కసారి, గుమ్మంలో, అంతే, ఎవరికేం నష్టం అనుకున్నాను. మా ఆవిడకి కూడా తెలియదు నేను ఆ అబద్ధానికి ఎంత దగ్గరగా వెళ్ళానో.

"నన్ను కూడా అక్కర్లేదమ్మా" అన్నాను.

"సరే" అంది, తేలిగ్గా, దించమన్న బరువు దించినట్టు. ముఖం నావైపునుంచి తిప్పుకుని, బస్సు తీసుకుని కుర్చీ దిగి, బల్లకి గోడకి మధ్య ఉన్న సందులోకి దూరింది. అక్కణ్ణుంచి చక్రం తిరిగే చప్పుడు వినపడుతోంది. నేను చాలాసేపు అక్కడే కూర్చున్నాను. అది మళ్ళీ నావైపు చూడలేదు.